ఖాళీ సమాధి: సాక్షుల మాట

మన యానాంలో సెయింట్ ఆన్స్ చర్చి 1846 నాటిది. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1964లోనే వచ్చింది. క్రీస్తు కథ తెలుగువారికి కొత్త కాదు. అయినా ఈస్టరు మాట వస్తే "అంటే పునర్జన్మే కదా?" అనే మిత్రులు ఇంకా ఉన్నారు. కాదు. పునర్జన్మలో పాత దేహం పోయి కొత్తది వస్తుంది. తెలుగు బైబిలు మాట పునరుత్థానం. ఉత్థాన ఏకాదశి ఎరిగినవారికి అర్థం చెప్పనక్కరలేదు. గ్రీకులోని 'అనాస్తాసిస్' అన్నా లేచి నిలబడటమే. సమాధిలో పెట్టిన మనిషే లేచాడన్నది ఇక్కడి మాట.

నమ్మడానికి ఆధారమేమిటి? సువార్తలను కథనాలుగా చదివితే రెండు విషయాలు కనబడతాయి.

మొదటిది, సాక్షులు. నాలుగు సువార్తల్లోనూ సమాధి దగ్గరికి ముందు వెళ్లింది స్త్రీలే. స్త్రీల సాక్ష్యం చెల్లదని ఆ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వారి మాటలు అపొస్తలులే నమ్మలేదని లూకా దాచకుండా చెబుతాడు. కల్పించి రాసేవాడైతే పేతురునే ముందు పంపేవాడు.

రెండోది, తేడాలు. మార్కులో ముగ్గురు స్త్రీలు, మత్తయిలో ఇద్దరు. మార్కు ఒక యువకుణ్ణి చూపితే లూకా ఇద్దరిని చూపుతాడు. ఇది లోపమంటారు. బ్యాంకు విచారణల్లో కూర్చున్న నాకు అలా తోచదు. నలుగురి వాంగ్మూలాలు పొల్లు పోకుండా కలిస్తేనే ఎవరో చెప్పి రాయించారని అనుమానిస్తాం. మత్తయి, లూకాల ముందు మార్కు ప్రతి ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. అయినా ఎవరూ లెక్క సరిచేయలేదు.

ఎదురు వాదనా గట్టిదే. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ సువార్తలకంటే పాతది. ఐదు వందల మందికి పైగా చూశారని, వారిలో ఎక్కువమంది బతికే ఉన్నారని అందులో ఉంది. ఆ స్త్రీల ప్రస్తావన మాత్రం లేదు. ఖాళీ సమాధి కథ తర్వాత చేరిందని కొందరంటారు. చెల్లని సాక్షులని పౌలు వదిలేశాడని మరికొందరంటారు. లేఖ ఒక్కటే ఈ తగువు తీర్చదు.

నాకు తేలిందింతే. ఈ సాక్షులు అబద్ధమాడలేదు. కాని నిజాయితీపరుడూ పొరబడవచ్చు. అక్కడినుంచి విశ్వాసం వరకు ఇంకొక అడుగుంది, దాన్ని విమర్శ వేయించలేదు. నేను వేశాను. వేయని మిత్రుడికి తర్కం తెలియదని మాత్రం అనను.