ఓరుగల్లు చరిత్రలో మట్టి మోసినోళ్లు

ఓరుగల్లు గురించిన పుస్తకాలు దాదాపు ఒకే తీరుగా నడుస్తాయి. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు. వేయిస్తంభాల గుడి, కీర్తితోరణాలు, రామప్ప. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో పతనం. ఇదంతా అబద్ధమని మేము అనడం లేదు. ఇది ఎవరి కళ్లతో చూసిన చరిత్ర అని అడుగుతున్నాం. కోట లోపల కాకుండా ఖమ్మం–భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే ఆ రాజధాని ఎట్లా కనబడుతుంది?

మొదట బయ్యారం. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఇక్కడి పెద్దచెరువును గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించింది. కాకతీయుల వంశక్రమం తేల్చడానికి చరిత్రకారులకు దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో ఆ చెరువు శాసనం ఒకటి. అందులో రాజుల తాతముత్తాతల పేర్లు వరసగా ఉన్నయి. తట్ట మోసినోళ్ల పేర్లు లేవు. మన చరిత్ర రచన ‘తవ్వించింది’ దగ్గరే ఆగిపోయింది. ‘తవ్విందెవరు’ దాకా రాలేదు.

దీనికి కారణం ఉంది. శాసనాల్లో ఎక్కువ భాగం దానపత్రాలే. దానం ఇయ్యగలిగినోడే బండ మీదికి ఎక్కుతాడు. ఇచ్చేందుకు చేతుల కష్టం తప్ప ఏమీ లేనోడు ఎక్కడు. కాబట్టి శాసనాల్లో కనబడనంత మాత్రాన మనవాళ్లు చరిత్రలో లేరని కాదు. చెరువు తూము తీసి మడిమడికీ నీళ్లు పంచే నీరడి పని తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా మాల మాదిగలదే. ఆ నీళ్ల కింద పారే భూమి మాత్రం ఎక్కువగా వేరేవాళ్లది. 2015లో చెరువుల పూడికతీతకు ‘మిషన్ కాకతీయ’ అని పేరు పెట్టారు. నీరడి పేరు ఎవరికీ గుర్తుకు రాలేదు.

రామప్ప సంగతీ అంతే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని జనం శిల్పి పేరుతోటే పిలుచుకుంటారు. రాజును, సేనానిని, దేవుణ్ణి పక్కకుపెట్టి పనిచేసినోని పేరు నిలబెట్టింది జనం నోరు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కేటప్పుడు ‘కాకతీయ రుద్రేశ్వర’ ముందుకొచ్చింది, రామప్ప బ్రాకెట్లోకి పోయాడు.

ఇక్కడ మన మిత్రులతోనూ ఒక పేచీ ఉంది. కాకతీయులు తమను నాలుగో వర్ణం వాళ్లమని చాలా శాసనాల్లో చెప్పుకున్నారు, కాబట్టి వాళ్లు మన రాజులే అంటున్నారు కొందరు. వర్ణవ్యవస్థ చెప్పినట్టే అంతా నడవలేదనడానికి ఇది మంచి రుజువే. కానీ శూద్ర రాజు కూడా బ్రాహ్మణులకు అగ్రహారాలు ఇచ్చాడు, పన్నులు వసూలు చేశాడు. కిరీటం కులం మారితే తట్ట మోసేటోని బతుకు మారుతుందా? మనకు కావలసింది మన రాజు కాదు, మన లెక్క.

ఆ లెక్క అడిగిన జ్ఞాపకం అడవిలో ఉంది. ఇల్లందు, గుండాల దాటి అడవి తొవ్వన పోతే మేడారం. కరువొచ్చి కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుని సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారక్క, జంపన్న పోరాడి అమరులైనారని కోయల నోట నడిచే కథ. దీనికి శాసనం లేదు, చెప్పేతీరు కూడా ఒక్కటి కాదు. అయినా రెండేండ్లకోసారి లక్షల మంది ఎవరి గద్దెల దగ్గరికి పోతున్నారు? ప్రతాపరుద్రుని దగ్గరికి కాదు, ఆయనకు కప్పం కట్టనోళ్ల దగ్గరికి. ఈ జ్ఞాపకం కోయలది. దాన్ని దళితుల ఖాతాలో వేసుకోవడం మా ఉద్దేశం కాదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాలని మాత్రం అంటున్నాం.

2022లో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం జరిగింది. బస్తర్ రాజకుటుంబ వారసుణ్ణి కాకతీయుల వారసుడని పిలిచి సన్మానించారు. రాజు వారసునికి ఏడువందల ఏండ్ల తర్వాత కూడా చిరునామా దొరికింది. బయ్యారం చెరువు తవ్వినోళ్ల వారసులు ఆ చుట్టుపక్కల ఊళ్లల్లోనే ఉండి ఉంటారు, వాళ్లనెవరు వెతికారు?

ఈ పని విద్యార్థులే మొదలుపెట్టాలి. ఊరూరా నీరడి ఇండ్లకు, వడ్డెర ఇండ్లకు పోయి వాళ్లు చెప్పేది రాసుకోవాలి. ముసలోళ్లు పోకముందే పోవాలి.