యాత్రావర్ణనలు: అన్నవరము, కాకినాడ

ఒక యూరినిగూర్చి వ్రాయఁబూనినవాఁడు మూఁడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలయును. అచ్చటఁ జూడఁదగిన దేమి? అచ్చటి జను లెట్లు నివసించుచున్నారు? వా రే పనివలన బ్రతుకుచున్నారు? మన భాషలో వెలువడుచున్న యాత్రావర్ణనలలో మొదటి ప్రశ్నకుఁ బుటలకొలఁది యుత్తరము కలదు. తక్కిన రెంటికిని మౌనమే యుత్తరము. ఈ లోపము చిన్నదని కొంద ఱందురు. మే మట్లు తలంపము. వ్రాఁతలోఁ గానరాని మనుష్యుఁడు చదువరి కన్నులకుఁగూడఁ గానరాఁడు. అట్టివాని కష్టసుఖములను విచారించువారు నుండరు.

నిదర్శనమునకు అన్నవరమునే తీసికొందము. 2022 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోను, అటుపిమ్మట కాకినాడ జిల్లాలోను జేరిన యీ గ్రామమున రత్నగిరిమీఁద శ్రీ సత్యనారాయణస్వామి 1891 వ సంవత్సరమునఁ బ్రతిష్ఠితుఁ డయ్యెను. కొండక్రింది దుకాణములలో దొరకు చిన్నపుస్తకములు స్థలమాహాత్మ్యమును, పంపానదిని, రథాకారమున నున్న రెండంతస్తుల యాలయమును, కొండపైనున్న నీడగడియారమును ముచ్చటగా వర్ణించును. భాష శుద్ధము, భక్తి నిష్కపటము. ఈ గుణములను మే మంగీకరింతుము. గోధుమరవ్వతోను నేతితోను వండిన తీయని ప్రసాదమునుగూర్చి వ్రాయునప్పుడు, ఆకుపొట్లపు వాసనకూడఁ జదువరికిఁ దోఁచునట్లు వ్రాయఁగలవా రున్నారు. కాని పెద్దబాణళ్ళయొద్ద నిలువఁబడి యా రవ్వను గలియఁబెట్టువా రెవ్వరు? పొట్లముల కాకులను గోసి తెచ్చువా రెవ్వరు? వ్రతములు ముగిసిన వెనుక మండపములను గడిగి పూలచెత్త నెత్తువా రెచ్చట నిద్రింతురు? వీరినిగూర్చి మేము చదివిన వర్ణనలలో నొక్క వాక్యమైనను గానరాలేదు.

అన్నవరము చూచినవారు పలువురు కాకినాడకుఁ బోవుదురు. దూరము సుమారు 50 కిలోమీటరులు. వర్ణనలును వారివెంటనే పోవును. అందు కాజాలు, సముద్రతీరము, హోపుద్వీపము, కోరంగి మడయడవులు వరుసగా వచ్చును. ఇచ్చట నొక పొరపాటును మేము పలుమాఱు చూచితిమి. వేసవిలో వచ్చిన రచయిత రేవున వరుసగాఁ గట్టియున్న పడవలను జూచి, విశ్రమించు హంసలవలె నున్నవని మురిసిపోవును. తూర్పుతీరమున ఏఁటేఁట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, చేఁపలు గ్రుడ్లుపెట్టు కాలమని, యంత్రపుఁబడవల వేఁట నిషేధింపఁబడును. ఆ 61 దినములు పడవను గట్టివేసిన త్రాడు జాలరి పొయ్యినిఁగూడఁ గట్టివేయును. ప్రభుత్వ మిచ్చు భృతి చాలనివాఁడు అప్పు చేయును. నిషేధము న్యాయమే, అది లేనిచో సముద్రము వట్టిపోవును. కాని హంసలను జూచి వెడలిపోయినవానికి ఆ న్యాయమును దెలియలేదు, ఆ బాధయుఁ దెలియలేదు.

రేవునందును నిట్లే. దూరమున నిలిచిన పెద్దయోడలను వర్ణింతురు. అవి యేల దూరమున నిలిచినవో చెప్పరు. తీరమున లోఁతు చాలమిచే ఓడలు లంగరుచోట నిలువఁగా, సరకు బార్జీలమీఁద వానియొద్దకుఁ బోవుట యీ రేవునఁ దరతరముల వాడుక. లోఁతురేవు తరువాత వచ్చినది. బియ్యపుబస్తాల నెత్తిన భుజములు మాత్ర మే వర్ణనలోను లేవు. ఉప్పాడ జాందానీ చీరను మెచ్చుకొన్న కలమే, ఆ తీరమున నిండ్లను సముద్రము కోసికొనిపోవుచున్న సంగతిని దాఁటిపోవును.

కోరంగి విషయ మింకను విచారకరము. 1839 నాఁటి పెనుతుపానుచేఁ జితికిపోయిన యీ రేవు పేరే బర్మాలో తెలుఁగు కూలీలకుఁ బేరైనది. అచ్చట మనవారిని కోరంగీలని పిలిచిరి. 1930 మే నెలలో రంగూను రేవునఁ జెలరేఁగిన యల్లరులలోఁ దెలుఁగు కూలీలు పెక్కుమంది హతులైరి. నేఁడు కోరంగినిగూర్చి వ్రాయువారు మడచెట్ల నీడను, పక్షులను, పడవవిహారమును జెప్పి యూరకుందురు.

ఇట్లు వ్రాయుటయే మన సంప్రదాయమా? కాదు. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో మరలి వచ్చిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838 లో అచ్చయ్యెను. వారు భక్తులు; క్షేత్రదర్శనమునకే వెడలిరి. అయినను మజిలీల నడుమ దూరమును, బాటస్థితిని, దొరకు దినుసులను, జనుల నడవడిని వ్రాసికొనిరి. స్నేహితునకుఁ దెలుపవలెనని వ్రాసిన వ్రాఁత గావున, తమకు నచ్చినదే కాక యెదుటివానికిఁ గావలసినదియు నందుఁ జేరెను. అప్పటికి రత్నగిరిపై నీ యాలయము లేదు. ఉండినయెడల ప్రసాదము వండువానిని వారు విడిచియుండరని మా నమ్మకము.

ఇవి భక్తిపుస్తకములు గదా, కూలిలెక్కల కిందుఁ జోటేల యని కొందఱు మమ్మడుగుదురు. అడుగువారు రత్నగిరిమీఁదఁ గూర్చుండి వ్రతకథను శ్రద్ధగా వినవలెను. కాశిలో భిక్షాటనము చేయు బీదబ్రాహ్మణుఁడు, కట్టెలమోపు నమ్ముకొని బ్రతుకువాఁడు, అల్లునితోఁగూడ సముద్రసమీపపుఁ బట్టణమునకు వర్తకమునకుఁ బోయి, చేయని దొంగతనమునకుఁ జెఱసాలఁ బడిన సాధువను వర్తకుఁడు, అడవిలోఁ గూడి పూజించిన గొల్లలు: కథ యంతయుఁ బొట్టకొఱకు శ్రమపడువారితో నిండియున్నది. ఆనాఁడు కట్టెలకు వచ్చిన ధరతోడనే కట్టెలవాఁడు పూజ చేసె నని చెప్పుటకుఁ గథకుఁడు సిగ్గుపడలేదు. పురాణమునకు లేని సంకోచము మన గద్యమున కేల?

మేము కోరునది పెద్దమార్పు కాదు. నూఱుపుటల వర్ణనలోఁ బదిపుటలు చాలును. అందు ఇంటియద్దె యెంత, కూలి యెంత, త్రాగునీ రెచ్చటిది, వేఁట యేనెలలలో నుండదు, వానకాలమున నేవీథులు మునుఁగును అను సంగతులు వ్రాయవలెను. వానిని ఊహించి కాక, పనిచేయువారినే యడిగి వ్రాయవలెను. ఇట్టి పుటలు రెండుదినములుండి పోవు యాత్రికునకే గాక, బ్రతుకుఁదెరువు వెదకికొనుచు నీ పట్టణమునకు వచ్చు పడుచువానికిని నుపయోగించును. వాని చేతి కిచ్చుటకు నేఁడు మనయొద్ద నొక్క మంచిపుస్తకమును లేదు.

ఆ వ్రతకథ కడపటఁ దుంగధ్వజుఁడను రాజు వచ్చును. గొల్ల లిచ్చిన ప్రసాదమును జిన్నచూపు చూచి విడిచిపోఁగా, అతని కొడుకులును సంపదయు నశించెను. అతఁడు తప్పు తెలిసికొని తిరిగివచ్చి, వారితోఁ గూర్చుండి పూజించి, పోయినవాని నన్నిటిని మరలఁ బడసెను. మన యాత్రాలేఖకులును నట్లే గొల్లలయొద్దకు మరలి రావలెనని మా ప్రార్థన.