రేకే ఛాసిస్ అయినప్పుడు

పాత అంబాసిడర్‌ను బాగుచేయిద్దామని షెడ్డుకు తెచ్చేవాళ్లు మొదట అడిగేది రంగు గురించే. పని తెలిసిన టింకరింగ్ మేస్త్రి ఆ మాటెత్తడు. ఒక అయస్కాంతం తీసుకుని, డోర్ల కింద గడపలా సాగే సిల్ పొడవునా ఆనించి చూస్తాడు. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు పోయి లప్పం మిగిలిందన్నమాట.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి 2014 దాకా ఉత్తర్‌పాడాలో తయారైన ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. నేల, సిల్స్, పిల్లర్లు, టాపు కలిసి బరువంతా మోస్తాయి. వెనక కమాన్లు బాడీకే తగిలించి ఉంటాయి. ముందు టార్షన్ బార్ల చివరలు నేల కింద అడ్డంగా పోయే మెంబరులో బిగిసి ఉంటాయి. ఆ మెంబరును తుప్పు తిన్నదంటే బండి ఒక పక్కకు వాలుతుంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు.

కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచు అంటించి మెలిపెట్టి చూడండి. సులువుగా లొంగదు. అదే గొట్టాన్ని పొడవునా చీల్చి మెలిపెడితే ఇట్టే తిరిగిపోతుంది. పలుచటి రేకు పెట్టెలోనూ ఈ తేడా వందల రెట్లు ఉంటుంది. సిల్ అలాంటి పెట్టే. తుప్పు దాని అడుగు అతుకును విప్పిందంటే రేకు చాలావరకు మిగిలే ఉన్నా, బిగువు పోయినట్టే. అలాంటి బండి గుంతలో పడ్డప్పుడు డోరు కిర్రుమంటుంది.

అందుకే పాడైన సిల్‌ను కోసే ముందే కట్టుదిట్టం చేయాలి. బండిని జాకీ మీద వేలాడదీయకుండా సస్పెన్షన్ ఆనే చోట్ల సమమట్టంగా నిలపాలి. డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పైపులు టాక్ (తాత్కాలిక వెల్డింగ్) వేయాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది కోయాలి. మధ్యమధ్య డోరు బిగించి సందు పైనుంచి కిందిదాకా ఒకేలా వస్తోందా చూసుకోవాలి. ఇవేవీ లేకుండా కోస్తే వంకర బండికి కొత్త సిల్ అతికి, ఆ వంకర శాశ్వతమవుతుంది.

ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్‌కు బదులు ఇక్కడ పైరేకుకు వరసగా రంధ్రాలు వేసి, వాటిని సీఓటూ వెల్డింగ్‌తో నింపుతారు. 20 గేజి రేకు మందం 0.9 మిల్లీమీటరే కాబట్టి ఒకేచోట ఆగకుండా అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెడతారు. గ్యాస్ వెల్డింగ్ వేడి ఎక్కువ చోట పాకి రేకును అలలు తేలుస్తుంది.

ర్యాలీ బండ్లకు అతుకుల వెంట అంగుళం అంగుళంగా వదిలి వదిలి వెల్డింగ్ వేసి బిగువు పెంచుతారు. ఊళ్లో తిరిగే బండికి అంత అక్కర్లేదనే నా అభిప్రాయం. బిగువు కోసమని మందపాటి పట్టీ ఒకచోట అతికినా దాని అంచు దగ్గరే కొత్త పగులు మొదలవుతుంది. వేయక తప్పకపోతే పట్టీ చివరలు ఏటవాలుగా కోయాలి.

ఈ పనంతా మూసేసిన పెట్టె లోపలే ఉండిపోతుంది, కంటికి కనపడదు. అందుకే బేరాలు ఇక్కడే ఎక్కువ జరుగుతాయి, పాలిష్ దగ్గర కాదు! చివరగా సిల్ లోపల మైనం కొట్టించాలి. రంగు పడ్డాక అడుగునున్న నీటి రంధ్రాలను సన్నటి తీగతో పొడిచి చూడాలి. అవి పూడుకుంటే వాన నీళ్లు లోపలే నిలిచి, కొత్త రేకునూ తినేస్తాయి.