మిణుగురులను గీసిన చేతులు

డబ్బాలో డ్రాప్స్ మిఠాయిలు అయిపోయాయి. అన్న సెయిటా అందులో నీళ్లు పోసి గిలకరించి ఇస్తాడు. నాలుగేళ్ల సెత్సుకో రెండు చేతులా ఎత్తి తాగుతూ, కరిగిపోయిన ఒక్కో రుచి పేరూ చెబుతుంది. ఆ కాసేపటిలో పిల్ల మెడ వెనక్కి వాలడం, గుటక వేయడం, కళ్లు మెరవడం చూడండి. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన పిల్ల అని గుర్తుండదు.

ఈ దృశ్యం ఉన్న, ఇసావో తకహాతా 1988లో తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' నాకు తెలిసిన యానిమేషన్ సినిమాలన్నిటిలోకీ గొప్పది. దాన్ని తీసిన జపాన్ స్టూడియో ఘిబ్లీ అనగానే అందరూ దర్శకుడు మియజాకి పేరే చెబుతారు. నేను తకహాతా పక్షం, దాచుకోను.

కథ అకియుకి నొసాకాది. 1945లో ఆకలికి చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి, ఆ అపరాధ భావంతో 1967లో రాశాడు. కోబె నగరం మీద బాంబులు పడతాయి, తల్లి పోతుంది, పిన్ని ఇంట్లో మాటలు పడలేక అన్నాచెల్లెళ్లు చెరువు గట్టున సొరంగంలో కాపురం పెడతారు. మిగిలింది ఆకలి.

తకహాతా బొమ్మలు గీసేవాడు కాదు. చదివింది ఫ్రెంచి సాహిత్యం. కానీ చూడటం తెలిసినవాడు. తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా బాంబుదాడిలో మంటల మధ్య పరుగెత్తాడు. అందుకే ఈ సినిమాలో బాంబు పడగానే ఢామ్మని పేలదు. నిప్పు కక్కే గొట్టాలు వీధిలో పడి దొర్లుతాయి, పిల్లవాడు నిలబడి చూస్తాడు, ఒక్క క్షణం ఏమీ కాదు, ఆ తర్వాతే ఇళ్లు అంటుకుంటాయి. ఆ క్షణం అనుభవించినవాడికే తెలుస్తుంది.

గీసిన చేయి యోషిఫుమి కొందోది. అదే ఏడు, అదే రోజున విడుదలైన 'మై నైబర్ టొటోరో' కోసం మియజాకి కూడా ఆయన్నే అడిగాడు. తకహాతాకే దక్కాడు, మన అదృష్టం. బురద పిసికి అన్నం ముద్దలని అన్నకు పెట్టే సెత్సుకో వేళ్లు, గాజుబిళ్లను మిఠాయి అనుకుని చప్పరించే బుగ్గ, చచ్చిన మిణుగురుల్ని గుంటలోకి తోసి మట్టి కప్పే చిన్ని అరచేతులు... ఏ పసిదాన్ని ఎన్నాళ్లు చూస్తే ఇలా గీయగలరు? కొందో 1998లో, నలభై ఏడేళ్లకే పోయాడు.

పనివాళ్ల రహస్యం ఒకటి చెప్పాలి. గీసిన బొమ్మను పారదర్శకమైన సెల్ షీటు మీదికి దించి, వెనకవైపు రంగు నింపుతారు. బయటి గీత మామూలుగా నల్లగా ఉంటుంది. ఇందులో చాలావరకు గోధుమ రంగు గీత వాడారు. దానివల్ల పిల్లల ఒళ్లు మెత్తబడి, నిజో యమమోతో ఆధ్వర్యంలో వేసిన నేపథ్య దృశ్యాల్లో కలిసిపోతాయి. అప్పటి యువకుడు, తర్వాత 'ఇవాంజెలియన్' తీసిన హిదెయాకి అన్నో, 'మాయా' యుద్ధనౌకను ప్రతి వివరంతో గీస్తే, తెర మీద దాన్ని చీకటి నీడగా వదిలేశారు. కథకు అక్కర్లేనిది ఎంత గొప్పదైనా వద్దు. ఈ పట్టుదలతో గడువు దాటి, కొన్ని షాట్లు రంగు లేకుండానే థియేటర్లకు వెళ్లాయట!

గొంతు సంగతి ఇంకా గొప్పది. జపాన్‌లో బొమ్మ అయ్యాక మాట చేర్చడం ఆనవాయితీ. సెత్సుకోకు గొంతిచ్చిన అయానో షిరాయిషి అప్పటికి పసిపిల్ల. ఆమె మాటల్ని ముందు రికార్డు చేసి, ఆ ఊపిరికి తగ్గట్టు పెదాలు గీశారు. ఇదే కథను 2005లో టీవీ కోసమూ, 2008లో సినిమాగానూ మనుషులతో తీశారు. నాకు ఆ గీతల పిల్లే ఎక్కువ మనిషిగా కనిపిస్తుంది.

ఇక నా బాధ. 2025 మార్చిలో మన ఫోన్లన్నీ 'ఘిబ్లీ' బొమ్మలతో నిండిపోయాయి. పెళ్లి ఫోటోలు, హీరోల పోస్టర్లు, వాట్సాప్ డీపీలు. కృత్రిమ మేధ (ఏఐ) యంత్రానికి ఫోటో ఇస్తే లేత రంగులూ పెద్ద కళ్లూ పూసి వదిలింది. అది ఆ చేతుల పని కాదు, ఆ చేతుల దొంగతనం! ఆకలి తెలియనిది, పసిదాని గుటక ఒక్కసారీ చూడనిది, దేన్ని చూసి గీస్తుంది? యంత్రం నడిపించిన బొమ్మను 2016లో చూపిస్తే మియజాకి మండిపడ్డాడు, ఆ ఒక్క విషయంలో నేను ఆయన వెంటే. ఎందరో మనుషులు నెలలు కూర్చుని చేసిన పనిని 'ఫిల్టర్' అని పిలవడానికి మనకు నోరెలా వచ్చింది?

ఆ బొమ్మలు చేసుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒకటే విన్నపం. ఒక్క గంటన్నర కేటాయించి ఈ సినిమా చూడండి. డబ్బింగు వద్దు, జపనీస్ గొంతులతోనే పెట్టండి, సబ్‌టైటిళ్లు చాలు. సెత్సుకో అన్నని 'నీచాన్' అని పిలుస్తుంది. మొదట్లో అల్లరిగా, మధ్యలో గారాబంగా, చివరికొచ్చేసరికి ఆ పిలుపులో గాలి తప్ప ఏమీ మిగలదు. గొంతు సన్నబడిన కొద్దీ కొందో ఆ పెదాల్ని ఎంత తక్కువగా కదిపాడో అప్పుడు చూడండి.