ఊరూ పేరూ ఉన్న పాట

పోయిన ఆదివారం భోజనాలై, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళకి మా ఆడపడుచు కూతురు మాచర్ల బస్సు దిగి వచ్చింది. ఒక చేతిలో రెండొందల పేజీల నోటుపుస్తకం, ఇంకో చేతిలో సెల్‌ఫోను. కాళ్ళయినా కడుక్కోకుండా, "అత్తయ్యా, నా ఆల్బం రికార్డింగు ఖాయమైంది. నువ్వు విని విమర్శ చెయ్యాలి" అంది.

విమర్శ నాకు కొత్తేం కాదు. పప్పులో ఉప్పు మొదలుకుని పక్కింటివారి శుభలేఖ దాకా విమర్శించే హక్కు ఇల్లాలికి పుట్టుకతో వస్తుందని మావారు ఎప్పుడూ అంటూనే ఉంటారు. కానీ ఇది పప్పు కాదు. ఈ పిల్ల మాచర్లలో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. ఎనిమిది నెలల జీతం చీటీ కట్టినట్టు కూడబెట్టుకుంది. మాట తనదే, బాణీ తనదే, గొంతూ తనదే. గుంటూరులో ఒక స్టూడియో మాట్లాడుకుంది. వాళ్ళమ్మేమో ఆ డబ్బుతో రెండు జతల గాజులు వస్తాయని లెక్క వేసి ఉంచింది. ఇలాంటప్పుడు "బాగుందే" అనేసి కాఫీ ఇచ్చి పంపడం సుళువే. కాని ఆ తర్వాత నాకు నిద్ర పట్టద్దూ?

సరే, విన్నాను. మొత్తం ఎనిమిది పాటలు. గొంతు బాగుంది, తాళం తప్పలేదు. మొదటి పాటలో మంచు కురిసింది. రెండో పాటలో నీలి సముద్రం ఒడ్డున ఎవరో ఎవరికోసమో ఎదురు చూశారు. మూడో దాంట్లో మళ్ళీ మంచు. నేనుండబట్టలేక, "ఏమే, రెంటచింతల పక్కన పుట్టి ఇంత మంచు ఎక్కణ్ణుంచి తెచ్చావే?" అన్నాను. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. "పాటంటే అలా ఉండాలి కదా అత్తయ్యా!" అంది.

అక్కడే ఉంది చిక్కంతా. పాటంటే ఎలా ఉండాలో మనకి సినిమాలు ముందే చెప్పేశాయి. సినిమా పాటని నేనేం తప్పు పట్టను, దాని పని వేరు. అక్కడ కథ ఒకరిది, సందర్భం ఒకరిది, పెదవులు కదిపే మనిషి ఇంకొకరు. మంచుకొండ మీద పాడాలంటే మంచుకొండ దాకా తీసుకువెళ్ళి నిలబెడతారు. ఈ పిల్లకి కథా లేదు, కొండా లేదు. వినేవాళ్ళకి చెప్పడానికి తన బతుకొక్కటే ఉంది. దాన్ని దాచిపెట్టి అద్దె నగలు పెట్టుకు తిరిగితే ఎలా?

ఏడో పాట వినిపించబోయి, "ఇది తీసేస్తున్నాలే. పల్లెటూరి పాట, మార్కెట్టు ఉండదని స్టూడియో ఆయన అన్నాడు" అంది. "తీసేసేదైతే మరీ వినాలి, పెట్టు" అన్నాను.

చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది. మిరపకాయల కల్లంలో పొద్దస్తమానం కాయలు ఏరి ఇంటికొచ్చిన తల్లి. చేతులు భగభగ మండుతున్నాయి. ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. చాప మీద పిల్ల పడుకుని ఉంది. ఆ చేత్తో పిల్ల బుగ్గ ముట్టుకోలేదు, కంట్లో పడితే ప్రమాదం. అందుకని మోచేతి పైభాగంతో మెల్లిగా నిమురుతుంది. అంతే పాట. ఉపమానాల్లేవు, మంచు లేదు. ఆ తల్లి మా ఆడపడుచేననీ, ఆ పిల్ల ఇదేననీ నాకు వేరే చెప్పక్కర్లేదు. గురజాల పక్కన వాళ్ళ పొలంలో మిరప వేసిన ఏళ్ళు నాకూ తెలుసు.

ఇక ఈ పిల్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే బీరువా పైన అట్టపెట్టెలో ఉన్న పాత కేసెట్లు గుర్తొచ్చాయి. దించి, దుమ్ము దులిపి, ఎమ్మెస్ రామారావు గారి సుందరకాండ తీశాను. టేపురికార్డరు ఎప్పుడో మూలపడింది. అందుకని కేసెట్టు చేతిలో పెట్టుకుని, పాట మాత్రం దాని ఫోనులోనే విన్నాం.

ఈ సుందరకాండ తెలియని ఇల్లు మనవైపు అరుదు. శనివారం నాడు వంటింట్లో ఇది వినపడకపోతే కుక్కరు కూతకి కూడా వేళ తెలియనట్టుండేది. అయితే భక్తి సంగతి పక్కన పెట్టి, ఒక పాటగా దీన్ని ఎప్పుడైనా చూశామా? రామారావు గారు 1921లో తెనాలి దగ్గర మోపర్రులో పుట్టారు. 1944లో వచ్చిన తహసీల్దార్ సినిమాకి పాడారు. తెలుగులో తొలినాటి నేపథ్య గాయకుల్లో ఆయనొకరు. 1960లలో మద్రాసు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆ తర్వాత, 1970లలో, వాల్మీకి సుందరకాండని తన తెలుగులో తానే రాసుకుని, తానే పాడారు. తులసీదాసు హనుమాన్ చాలీసాకీ అలాగే తెలుగు కట్టారు. సుందరదాసు అనే పేరు ఆయనకి అలా వచ్చిందే. 1992లో కన్నుమూశారు గాని, ఆ గొంతు మన ఇళ్ళు వదిలి వెళ్ళలేదు.

ఇప్పుడు పాటలోకి వద్దాం. ఒక్కటే బాణీ. కథ మొదలైనప్పుడు ఏదో, చివరా అదే. గ్రామఫోను ప్లేటుకి ఒకవైపు మూడు మూడున్నర నిమిషాలే పట్టే కాలంలో పాడటం మొదలుపెట్టిన మనిషి, తనకంటూ పాడుకునే రోజు వచ్చేసరికి గడియారం తీసి పక్కన పెట్టేశారు. ప్రతి చరణం తిరిగి తిరిగి ఒకే పల్లవి దగ్గరికి వస్తుంది. గురువైన హనుమంతుడు తన గుండెలో పలికించిన కథనే తాను పలుకుతున్నానని ఆ పల్లవి సారాంశం. అది ఎంత వీలైన ఏర్పాటో మనలాంటి వాళ్ళకే తెలుస్తుంది. పాలు పొంగుతున్నాయని మధ్యలో లేచి వెళ్ళినా, తిరిగి వచ్చేసరికి ఆ పల్లవి గుమ్మంలో నిలబడి మనకోసం ఎదురు చూస్తూంటుంది. సమాసాలు లేకపోలేదు గాని, ఊపిరందని సమాసం ఒక్కటీ లేదు. తనకి ఎన్ని రాగాలు వచ్చో చూపించాలన్న తాపత్రయం ఎక్కడా కనపడదు.

ఏమాటకామాట చెప్పుకోవాలి, లోపమూ ఉంది. సీతమ్మ అశోకవనంలో కుమిలేటప్పుడూ అదే నడక, లంక తగలబడేటప్పుడూ అదే నడక. కొన్ని చోట్ల మాట బాణీకోసం కాస్త సాగుతుంది. విద్వాంసులు ఇంకా పట్టుకుంటారేమో. అయినా ఆ పాట నిలిచిందంటే కారణం ఒక్కటే అనిపిస్తుంది నాకు. అది ఎక్కడ నిలబడి పాడుతోందో దానికి తెలుసు. కచేరీ వేదిక మీద కాదు, మన గడపలో. దాన్నే నేను పాటకి ఊరు ఉండటం అంటాను.

మన పల్నాడుకి ఇదేం కొత్త సంగతి కాదు. ఏటా కార్తీక అమావాస్యకి కారంపూడిలో వీరుల ఆరాధన మొదలవుతుంది. రాయబారం, మందపోరు, కోడిపోరు అంటూ రోజుకొక ఘట్టం. వీరవిద్యావంతులు కత్తి పట్టి, పంబ మోగించి పాడే ఆ కథలో నాగులేరు నాగులేరే. ఇంకెక్కడి నదో అయితే నాయకురాలు నాగమ్మకి అక్కడ పనేముంది? అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడగా టేపు మీదికెక్కిన ఈ వీరుల కథనే, రోఘేర్ అనే అమెరికా పండితుడు ఇంగ్లీషు చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డు వారు పుస్తకంగా వేశారు. ఊరు వదలని పాటే ఊళ్ళు దాటి అంత దూరం వెళ్ళింది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ పల్నాటి యుద్ధాన్నే బుర్రకథ చేసి జనాన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టారు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మార్కెట్టు లేదని వీళ్ళెవరూ ఊరు మార్చుకోలేదు.

ఇదంతా విని మా పిల్ల, "సరే అత్తయ్యా, ఏడో పాట ఉంచుతాను. చివర్లో పెడతాను" అంది. నేను ఒప్పుకోలేదు. కల్లంలో తాలుకాయలు ఎలా ఏరతామో అలా ఏరమన్నాను. మంచు పాటలు రెండూ, సముద్రమూ తాలు. మిగిలినవి ఐదు. వాటిలో కల్లం పాట మొట్టమొదట ఉండాలి. మొదటి ఆల్బంలో తనకి వచ్చినవన్నీ పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. కొత్త కోడలు మొదటిరోజు వంటలో తనకు తెలిసిన పోపులన్నీ ఒకే కూరలో వేసినట్టు. మర్నాటికి గాని ఇంట్లోవాళ్ళకి ఆ పిల్ల చేతి రుచి తెలియదు.

అప్పుడు నోటుపుస్తకం మధ్యలోంచి ఒక కాగితం జారి పడింది. స్టూడియో ఆయన సంతకం పెట్టమన్న ఒప్పందం. పాటల మీద సమస్త హక్కులూ తనవేనట. రాసినవారి పేరు వెయ్యాలన్న మాట ఎక్కడా లేదు. "జానపదం అని వేస్తే ఎక్కువమంది వింటారన్నాడు" అంది పిల్ల అమాయకంగా.

నాకు కోపం ఆగలేదు. క్షేత్రయ్య ప్రతి పదంలోనూ మువ్వగోపాలుడు ఎందుకున్నాడు? అందులో దేవుడున్నాడు, మువ్వ అనే ఊరూ ఉంది. ఇది క్షేత్రయ్యదే అని చెప్పే ముద్రా అదే. త్యాగయ్య కీర్తన చివర తన పేరు తానే చేర్చుకున్నాడు. అంతటి భక్తులకి లేని మొహమాటం మనకెందుకు? 1902లో కలకత్తాలో గ్రామఫోను వాళ్ళ ముందు పాడిన గౌహర్ జాన్ ప్రతి పాట చివరా తన పేరు తానే గట్టిగా చెప్పేది. దేశం కాని దేశంలో ప్లేటు అచ్చువేసే వాళ్ళకి ఎవరు పాడారో తెలియాలని అలా చెప్పించేవారట. కారణం ఏదైతేనేం, నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు ఇంకా వినపడుతోంది. మన అమ్మమ్మలు కట్టిన దంపుళ్ళ పాటలకీ లాలిపాటలకీ మాత్రం పేర్లు లేవు. వాళ్ళకి ఎవరూ మైకు ఇవ్వలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇది ఒట్టి అభిమానం సంగతి కాదు, డబ్బు సంగతి కూడా. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమాలో లేని రికార్డుకైనా సరే, మాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాని వారసులకో, హక్కులు వసూలు చేసే సంఘానికో తప్ప ఇంకొకరికి రాసిచ్చినా చెల్లదు. మన ఆడపిల్లలకి పొలం కాగితాలు చదివి గాని వేలిముద్ర వెయ్యొద్దని చెప్తాం కదా. పాట కూడా పొలంలాంటిదే.

ఇంతలా ఎందుకు చెప్పానంటే, నాదీ ఒక నోటుపుస్తకం ఉండేది. పెళ్ళికి ముందు రాసుకున్న పాటలు ఇరవై దాకా ఉండేవి అందులో. పేరు రాసుకోవడానికి సిగ్గుపడి అట్ట మీద "పాటలు" అని మాత్రం రాశాను. కాపురానికి వచ్చాక ఎవరిదో పాత పుస్తకమనుకుని మా అత్తగారు ఖాళీ పేజీల్లో పాల లెక్క రాశారు. ఆవిడ తప్పేముంది? పేరు లేని పుస్తకం ఎవరికైనా పనికొస్తుంది. లెక్క నిండాక పుస్తకం పాత కాగితాల్లో వెళ్ళిపోయింది. పల్లవులు నాకూ గుర్తు లేవు.

ఈ సంగతి పిల్లకి చెప్పలేదు. కాగితం మడిచి దాని చేతిలో పెట్టి, "పేరు వెయ్యనివాడికి పాట ఇవ్వకు" అని మాత్రం అన్నాను.

నిన్న రాత్రి ఫోను చేసింది. సంతకం పెట్టలేదట. ఇంకో స్టూడియో చూసుకుంది. పాటలు ఐదే అయినా అక్కడ ఖర్చెక్కువ. అందుకని రికార్డింగు శివరాత్రి తిరనాళ్ళు వెళ్ళాకేనట. గాజుల సంగతి వాళ్ళమ్మ ఇంకా మర్చిపోలేదట. "పోనీలే, మీ అమ్మకి కల్లం పాట వినిపించావా?" అని అడిగాను.

"వినిపించాను అత్తయ్యా."

"ఏమంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది. "బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నావంక చూసి, 'ఆ రోజు నువ్వు నిద్రపోలేదుటే?' అంది."

ఇంతకన్నా మంచి విమర్శ నేను రాయలేను.