మూడు మీటలు, నాలుగేళ్లు

ట్రంపెట్‌కి మీటలు మూడే. మిగతా పనంతా పెదవులది, ఊపిరిది. ఒకే మీట నొక్కి ఉంచినా పెదవుల బిగువు మారితే స్వరం మారిపోతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్వరాలు ఒకదానిమీదికొకటి జారి అలుక్కుపోతాయి. 1955 నాటి ‘స్టడీ ఇన్ బ్రౌన్’ ఆల్బంలో క్లిఫర్డ్ బ్రౌన్ వాయించిన ‘చెరకీ’ వినండి. గుక్క తిప్పుకోనివ్వని వేగం. అంతలోనూ ప్రతి స్వరం విడివిడిగా, నిండుగా పలుకుతుంది. ఎంత సాధన చేస్తే ఈ నిదానం వస్తుందా అని ప్రతిసారీ అనుకుంటాను.

ఆయన 1930లో డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పుట్టాడు. కాలేజీలో కొన్నాళ్లు లెక్కలు చదివాడు. 1950లో కారు ప్రమాదం జరిగి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయాడు. చూడ్డానికొచ్చిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ, వాయించడం మాత్రం మానొద్దని గట్టిగా చెప్పాడు. ట్రంపెట్ ఎత్తలేని రోజుల్లో క్లిఫర్డ్ పియానో ముందు కూర్చున్నాడు.

అదే ఏడాది, ఆయన ఆరాధించిన ట్రంపెట్ విద్వాంసుడు ఫ్యాట్స్ నవారో 26 ఏళ్లకే పోయాడు. క్షయ, దానికి తోడు హెరాయిన్. మత్తు లేనిదే జాజ్ పలకదని కుర్రాళ్లు నమ్మిన కాలమది. క్లిఫర్డ్ ఆ జోలికే పోలేదు. డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్‌తో కలిసి ఆయన నడిపిన బృందంలో 1955 చివర్లో చేరిన శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్, శుభ్రంగా బతుకుతూనే గొప్పగా వాయించవచ్చని క్లిఫర్డ్‌ని చూసే తెలుసుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. కళాకారుడు తగలబడితేనే కళ వెలుగుతుందని మన దగ్గరా కొందరు మురిపెంగా అంటుంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. క్లిఫర్డ్ పేరు చెబుతాను.

1955లోనే వయొలిన్ల బృందంతో ఆయన చేసిన ఆల్బం ఒకటుంది. ‘స్టార్‌డస్ట్’ లాంటి పాత పాటలు. విద్వత్తు చూపించుకోవడానికి బోలెడంత చోటున్నా ఆయన చూపించలేదు. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకుంటూ, పాటను పాటలాగే వాయించాడు. జాజ్ అంటే మనోధర్మమే కదా, ఇందులో అదెక్కడ అని అడిగేవాళ్లున్నారు. ఒక స్వరాన్ని ఎంతసేపు నిలపాలి, ఎక్కడ సన్నగా వణికించాలి, ఎక్కడ వదిలేయాలి అన్నదాంట్లో ఉంది. ‘చెరకీ’ వాయించగలిగినవాడు అలా ఆగడం నాకు మరింత గొప్పగా తోస్తుంది.

1956 జూన్ 26న, ఫిలడెల్ఫియా నుంచి షికాగో వెళ్తుంటే వానలో కారు అదుపు తప్పింది. బృందంలో పియానో వాయించే రిచీ పావెల్, కారు నడుపుతున్న అతని భార్య నాన్సీ, క్లిఫర్డ్ ముగ్గురూ చనిపోయారు. క్లిఫర్డ్‌కి 25 ఏళ్లు. ఆ రోజు ఆయన పెళ్లిరోజు.

రికార్డుల్లో మనకు మిగిలింది నాలుగేళ్ల పని. తర్వాతి ట్రంపెట్ విద్వాంసులు లీ మోర్గన్, ఫ్రెడ్డీ హబ్బర్డ్ దాన్ని వింటూ ఎదిగారు. శాక్సఫోన్ విద్వాంసుడు బెన్నీ గోల్సన్ క్లిఫర్డ్ స్మృతిలో కట్టిన ‘ఐ రిమెంబర్ క్లిఫర్డ్’ను ట్రంపెట్ విద్వాంసులు ఇప్పటికీ వాయిస్తారు. బతికుంటే ఏం చేసేవాడోనన్న నిట్టూర్పులతో చాలా పేజీలు నిండాయి. ఆ నాలుగేళ్లు శ్రద్ధగా వినడానికే నాకు సమయం చాలడం లేదు.

కొత్తగా వినేవాళ్లను 1954 నాటి ‘జాయ్ స్ప్రింగ్’తో మొదలుపెట్టమంటాను. భార్య లారూ కోసం కట్టిన బాణీ అది. మొదట బాణీ వినండి, తర్వాత ఆయన సోలో. మూడోసారి మాత్రం, ఆ సోలో వెనక మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ మీద ఏం జవాబు చెబుతున్నాడో పట్టుకోండి.