తిండిగింజ, విత్తనపుగింజ: కరవు సాయమును గూర్చిన మూడు గ్రంథముల పరిశీలనము

దుర్భిక్ష మను మాటలోనే భిక్ష యున్నది. భిక్ష సైతము దొరకని కాలమే దుర్భిక్షము. ఈ మాట కరవును ఇచ్చువాని చేతినిబట్టి కొలుచుచున్నది. క్షామ మనగా కృశించుట. అది ఆకలిగొన్నవాని దేహమునుబట్టి కొలుచుచున్నది. పరదేశములనుండి వచ్చు సాయమును గూర్చిన గ్రంథములను చదువువారికి ఈ భేద మెంతయు నుపకరించును. దాత యెంత యిచ్చెనో చెప్పుట సులభము. పుచ్చుకొన్నవాడు మరల నాగలి పట్టెనా యనునదియే విచారింపవలసిన విషయము. ఈ యొరగల్లుపై మూడు గ్రంథములను పరీక్షింపవచ్చును.

మొదటిది విలియం డిగ్బీ 1878లో లండనునందు రెండు సంపుటములుగా ప్రకటించిన 'ది ఫామిన్ కాంపేన్ ఇన్ సదరన్ ఇండియా'. 1876–78 నాటి మహాక్షామము దీనికి విషయము. ధాత సంవత్సరమున ఆరంభమైనది గనుక తెలుగువారు దానిని ధాత కరవనిరి. తమిళులును కన్నడిగులును ఆ వత్సరము పేరుననే దానిని తలతురు. బళ్లారి, కర్నూలు, కడప, ఉత్తరార్కాటు, సేలము జిల్లాలును మైసూరు సంస్థానమును ఘోరముగా దెబ్బతినెను. బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములలోనే 50 లక్షలకు పైగా మరణించిరని వాడుకలోనున్న అంచనా. నేడు వేర్వేరు రాష్ట్రములలో నున్న తెలుగు కుటుంబములలో అనేకముల పూర్వు లొకే కరవును అనుభవించినవారు.

ఈ గ్రంథమునకు రెండు గుణములు కలవు. సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభమున కరవు పనులకు వచ్చిన కూలికి రోజునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును కొద్దిపాటి రొక్కమును చాలునని కూలిని తగ్గించెను. ఇంత తిండితో కష్టము చేయువాని దేహము నిలువదని మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ వాదించెను. డిగ్బీ కార్నిష్ పక్షము వహించి, పాలకుల పొదుపు ప్రజల ప్రాణములమీది పొదుపని చూపెను. ఇది మొదటి గుణము.

రెండవది ఇంకను గొప్పది. 1877 ఆగస్టులో మద్రాసున సభ జరిగి, ఇంగ్లండు ప్రజలకు విజ్ఞప్తి పోయెను. వైస్రాయి లిట్టనుకు ఈ బహిరంగ యాచన తొలుత రుచింపలేదు. అయినను మాన్షన్ హౌస్ నిధి పేర చందాలు వచ్చి చేరెను. ప్రభుత్వపు గంజియు కూలియు ప్రాణము నిలుపుటకు. ఈ నిధిలో పెద్దభాగము రైతునకు విత్తనములకును, ఎడ్లకును, ఇంటి కప్పునకును వినియోగమయ్యెను. తిండిగింజ వేరు, విత్తనపుగింజ వేరు అను సత్యమును ఆ నిధి గుర్తించెను. వాన కురిసిననాడు చేత విత్తు లేని రైతునకు ఆ వానయు వ్యర్థమే గదా!

దోషములును లేకపోలేదు. డిగ్బీ ఆ నిధి సంఘమునకు గౌరవ కార్యదర్శి. తాను పంచిన సొమ్మునకు తానే కథకుడైనాడు. గ్రంథమున అధికారుల వాదములును సంఘముల లెక్కలును దట్టముగా నున్నవి. గంజికై నిలిచినవాని పలుకు మాత్రము పరుల నోటనే వినవచ్చును. రైతు ఇంటి పాతర కరవునకు ముందే ఏల వట్టిపోయెను? కరవునాడు సైతము రేవులనుండి ధాన్యము సీమకు ఏల తరలెను? ఈ పేదరికపు మూలమును డిగ్బీ 1901లో 'ప్రాస్పరస్ బ్రిటిష్ ఇండియా' యందు గాని తీవ్రముగా శోధింపలేదు. ఉపకారమునుండి కారణమునకు చేరుట కాతనికి ఇరువది మూడేండ్లు పట్టెను. చేరెను గనుక ఆతడు ప్రశంసనీయుడు.

రెండవది విలియం పాడక్, పాల్ పాడక్ సోదరులు 1967లో వెలువరించిన 'ఫామిన్ 1975!'. యుద్ధరంగమున వైద్యులు క్షతగాత్రులను మూడు తరగతులుగా విభజింతురు. ఆ పద్ధతినే వీరు దేశములకు పట్టించి, అమెరికా ధాన్య మెవరికి పంపవలెనో నిర్ణయించిరి. ఈజిప్టు, హైతీలతోపాటు భారతదేశమును రక్షింపరాని తరగతిలో పడవైచిరి.

కాలమునుబట్టి చూచిన ఆ భయము నిర్హేతుకము కాదు. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పెను. 1954 నాటి పి.ఎల్. 480 చట్టము క్రింద అమెరికా గోధుమలు ఓడలపై వచ్చుచుండెను. అధ్యక్షుడు జాన్సన్ ఒక్కసారిగా ధాన్యము విడువక, కొద్దికొద్దిగా విడుచుచు, పసరమును పొట్టిపలుపుతో కట్టినట్లు భారత ప్రభుత్వమును కట్టియుంచెను. ఇట్టి సాయమున కడుపు నిండవచ్చును గాని తల యెత్తుట కష్టము.

జోస్యము తప్పినదని పాడక్ సోదరులను ఎగతాళి చేయుట విమర్శ కాదు. వారి లోపము దృష్టిలో నున్నది. వారు నోళ్లను లెక్కించిరి, ఓడలను లెక్కించిరి. చేతులకు తగిన విలువ కట్టలేదు. వారి గ్రంథమునకు ముందటి యేటనే, 1966లో, భారతదేశము మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనములను తెప్పించెను. ఆ యేటనే ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 వంగడమును విడుదల చేసెను. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానిని తొలుత పండించి చూపినవారిలో ప్రసిద్ధుడు. ఇదియు పరదేశపు సాయమే. కాని విత్తనపుగింజ రూపమున వచ్చిన సాయము. నీరును ఎరువును గల పొలములకే ఆ ఫలము ముందుగా దక్కెననియు, మెట్టసీమల రైతు చిరకాలము వెనుకబడెననియు ఇచట చెప్పకున్న న్యాయము కాదు.

పై రెండు గ్రంథముల పేళ్లును పద్ధతులును పోల్చదగినవి. డిగ్బీ వాడిన 'కాంపేన్' దండయాత్రకు చెల్లు మాట. పాడక్ సోదరుల విభజనము యుద్ధవైద్యమునకు చెందినది. కరవును యుద్ధమనుకొన్నచో దాత సేనాని యగును, ఆకలిగొన్నవాడు క్షతగాత్రు డగును. క్షతగాత్రుని సలహా అడుగువా రుండరు.

ఈ భ్రమను తొలగించినది మూడవ గ్రంథము: అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన 'పావర్టీ అండ్ ఫామిన్స్'. దేశమున ధాన్యము లేకపోవుట వేరు, మనుష్యునకు అది దక్కకపోవుట వేరని 1943 నాటి వంగ క్షామమును, 1974 నాటి బంగ్లాదేశ్ క్షామమును చూపి ఈయన నిరూపించెను. వరదలచే కూలి పోయినవానికి అంగడిలోని బియ్యము ఆకాశములోని చుక్కయే. ఆ బంగ్లాదేశమునకే, క్యూబాకు గోనెసంచు లమ్మినదను కారణమున, అమెరికా ధాన్యసాయము ఆలస్యమయ్యెను. సేన్ చెప్పిన మూలపదమునకు తెలుగున 'ప్రాప్తి' యనుట తగదు. ప్రాప్తమనగానే తెలుగువాడు నుదుటి వ్రాత యనుకొనును. ఆ వ్రాతను చెరిపివేయుటయే గ్రంథకర్త ఆశయము. 'భుక్తిహక్కు' అనిన కొంత సరిపోవును. ఈ గ్రంథమునను పట్టికలే మాటాడును, మనుష్యులు మాటాడరు. అయినను అడుగవలసిన ప్రశ్నను ఇది సరిగా అడిగినది.

నేడు ఆ ప్రశ్న దిక్కు మారినది. భారతదేశము ఆఫ్ఘనిస్థానమునకు తాను ప్రకటించిన 50,000 టన్నుల గోధుమలను 2022లో పంపసాగెను. ఒకనాడు రక్షింపరానిదని త్రోసివేయబడిన దేశము దాత యయ్యెను. ఇది సంతోషింపదగినదే. కాని కొత్త దాతయు పాత దాతవలె తన చేతినే చూచుకొనిన ప్రయోజన మేమి? ధాత కరవునకును దాతకును నడుమ ఒత్తు ఒక్కటియే భేదము. కరవును మరచిన దాత ఆ ఒత్తును మరచినవాడే.

బళ్లారి, హోసూరు ప్రాంతముల తెలుగు ఇండ్లలో తాతముత్తాతల కరవు ముచ్చట లేమైన మిగిలియున్నచో వానిని సేకరింపవలెను. పాఠశాలలలోని బాలబాలికలే ఈ పని చేయగలరు. ఏ ఆకు వండుకొనిరి, ఏ ఎద్దు నమ్ముకొనిరి, మరల విత్తనము లెవరిచ్చిరి, ఏ మాట యని యిచ్చిరి అను సంగతులను వారు అడిగి వ్రాసికొనవలెను. డిగ్బీ రెండు సంపుటములు వ్రాసెను. వ్రాయక విడిచిన మూడవ సంపుటము అదియే.